ఒక్క తెర... ఇద్దరికీ!

అబ్బాయికి ఆటలు. అమ్మకి లెక్కలు. కొనేది మాత్రం ఒకటే మానిటర్‌. మరి ఎలాంటిది తీసుకోవాలి?

సికింద్రాబాద్‌లోని చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌... అందరి నోటా సీటీసీ. అక్కడి కంప్యూటర్‌ దుకాణాల్లో తరచూ కనిపించే దృశ్యమే ఇది. ఇంటర్‌ పూర్తయిన కొడుకు 240 హెర్ట్జ్‌ అని రాసున్న 27 అంగుళాల వంపు తెర ముందు నుంచి కదలడు. ఇంటి దగ్గర్నుంచే నాలుగు దుకాణాల ఖాతాలు రాసే తల్లికి ఆ అంకెతో పనిలేదు. ఎక్సెల్‌లో 3కీ 8కీ తేడా స్పష్టంగా కనపడాలి, సాయంత్రానికి తలనొప్పి రాకూడదు. తండ్రి చూపేమో ధర చీటీ మీద!

'హెర్ట్జ్‌ ఎక్కువుంటే నీ కళ్లకీ మంచిదేనమ్మా' అంటాడు అబ్బాయి. సగం నిజమే. అదీ ఒకప్పటి మాట. డబ్బా మానిటర్ల రోజుల్లో 15 అంగుళాలా, 17 అంగుళాలా అన్నదొక్కటే పెద్ద ప్రశ్న. ముందు యాంటీగ్లేర్‌ అద్దం, పని అయిపోగానే పైన గుడ్డ ముసుగు. ఆ తెరలు 60 హెర్ట్జ్‌ దగ్గర వణికేవి. 85కి పెంచితే కళ్లకు హాయిగా ఉండేది. ఇప్పటి పలక తెరల్లో అలా కాదు. తర్వాతి బొమ్మ వచ్చేదాకా ముందుది అలాగే నిలిచి ఉంటుంది. కాబట్టి కదలని అక్షరాలు చదవడానికి 60 అయినా, 240 అయినా పెద్ద తేడా ఉండదు. కాకపోతే, కాంతి తగ్గించడానికి వెనక దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగించే రకాలు కొన్ని ఉంటాయి. అవి కొందరికి పడవు. అట్ట పెట్టె మీద 'ఫ్లికర్‌ ఫ్రీ' అని ఉందేమో చూసుకోవాలి.

అయితే హెర్ట్జ్‌ దండగేనా?

కానే కాదు. పరుగెత్తే శత్రువుని గురిచూసి కొట్టే ఆటల్లో దాని విలువ తెలుస్తుంది. హెర్ట్జ్‌ అంటే సెకనుకు తెర మీద బొమ్మ ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క. 60 హెర్ట్జ్‌లో ఒక్కో బొమ్మ దాదాపు 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144లో 6.9. 240లో 4.2. అంటే 60 నుంచి 144కి వెళ్తే దాదాపు పది మిల్లీసెకన్లు కలిసొస్తాయి. అక్కణ్నుంచి 240కి వెళ్తే కలిసొచ్చేది మూడు కూడా ఉండదు. మొదటి మెట్టుకి పెట్టిన డబ్బుకి ఫలితం కంటికి కనిపిస్తుంది. రెండోది పోటీల్లో ఆడేవాళ్ల సంగతి.

పైగా తెర మార్చగలిగినన్ని బొమ్మలు గ్రాఫిక్స్‌ కార్డు కూడా గీయాలి కదా! అది సెకనుకు 70 బొమ్మలే గీస్తుంటే 240 హెర్ట్జ్‌ తెర ఉన్నా ఏం లాభం? అందుకే కార్డు వేగానికి తగ్గట్టు తన వేగాన్ని మార్చుకునే 'అడాప్టివ్‌ సింక్‌' ఉందా అని అడగాలి. ఇక పెట్టె మీద కొట్టొచ్చినట్టుండే '1 మిల్లీసెకను'ని అంత పట్టించుకోనక్కర్లేదు. అన్నీ అనుకూలిస్తే వచ్చే అంకె అది.

చుక్కలో ఉంది మతలబు

అమ్మకు కావాల్సింది వేరే అంకె. అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు? 24 అంగుళాల ఫుల్‌ హెచ్‌డీ తెరలో అంగుళానికి సుమారు 92. అవే పిక్సెళ్లను 27 అంగుళాలకు సాగదీస్తే 82కి పడిపోతాయి. అబ్బాయి మనసు పడ్డ వంపు తెర సరిగ్గా అలాంటిదే! అదే 27 అంగుళాల్లో క్యూహెచ్‌డీ... అంటే 2560 అడ్డం, 1440 నిలువు... తీసుకుంటే 109 వస్తాయి. ఇంగ్లిషు అక్షరాలతో ఎలాగోలా నెట్టుకురావచ్చేమోగానీ తెలుగుతో కష్టం. 'ధ'కీ 'థ'కీ మధ్య తేడా ఓ చుక్కే. కింద వత్తులు, పైన గుడులు. పిక్సెళ్లు పలచబడితే ముందు అలికినట్టయ్యేది ఇవే.

తెర రకం కూడా ముఖ్యమే. ఐపీఎస్‌ని పక్కనుంచి చూసినా రంగు మారదు. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, సినిమాలకు బాగుంటుంది. కానీ చీకటి దృశ్యాల్లో కదలికలు మసకగా సాగినట్టుంటాయి. ఓఎల్‌ఈడీ ఆటలకు రాజే. కానీ రోజుకి ఎనిమిది గంటలు ఎక్సెల్‌ గళ్లు, కింద టాస్క్‌బార్‌ కదలకుండా ఉంటే కొన్నాళ్లకు వాటి మచ్చలు తెర మీద మిగిలిపోయే ప్రమాదముంది. ఖాతాలు రాసే ఇంటికి అది వద్దు.

ఇంతకీ ఈ ఇంటికేది? 27 అంగుళాల క్యూహెచ్‌డీ ఐపీఎస్‌, 144 హెర్ట్జ్‌ లేదా ఆ పైన. అమ్మకు అక్షరం, అబ్బాయికి వేగం. అబ్బాయి వదులుకోవాల్సిందీ ఉంది. ఫుల్‌ హెచ్‌డీ కన్నా ఇందులో 78 శాతం ఎక్కువ పిక్సెళ్లు. కార్డు మీద అంత బరువు పడుతుంది. పెద్ద ఆటల్లో హంగులు కాస్త తగ్గించుకోక తప్పదు. 4కే అయితే అక్షరాలు ముత్యాల్లా ఉంటాయిగానీ పిక్సెళ్లు నాలుగింతలు, మామూలు కార్డు మోయలేదు. నాన్న లెక్కకు క్యూహెచ్‌డీ అందకపోతే 24 అంగుళాల ఫుల్‌ హెచ్‌డీ ఐపీఎస్‌కి దిగడం మేలు. పెద్దగా ఉంది కదా అని 27 అంగుళాల ఫుల్‌ హెచ్‌డీకి మాత్రం కాదు.

చాలామంది మర్చిపోయేది స్టాండు. ఆరడుగుల కొడుకూ, అయిదడుగుల తల్లీ ఒకే కుర్చీలో కూర్చునే ఇంట్లో తెర ఎత్తు మారకపోతే ఎవరో ఒకరికి మెడనొప్పి ఖాయం. డబ్బు కట్టేముందే తెరను వెలిగించి, పూర్తి తెలుపు, పూర్తి నలుపు పెట్టి పనిచేయని చుక్కలున్నాయేమో చూడాలి. ఒకటి రెండుంటే మార్చివ్వని వారంటీలూ ఉంటాయి.

ఇంటికి తెచ్చాక కేబుల్‌ని మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్‌ కార్డుకే పెట్టాలి. పాత హెచ్‌డీఎంఐ తీగ కాకుండా పెట్టెలో డిస్‌ప్లేపోర్టు తీగ ఉంటే అదే వాడాలి. తర్వాత విండోస్‌ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌ డిస్‌ప్లే తెరిచి చూడాలి. ఎందుకంటే 144 హెర్ట్జ్‌ తెర కొన్నా, ఎవరూ మార్చకపోతే అది 60 దగ్గరే ఉండిపోవచ్చు. 144కి మార్చి మౌస్‌ బాణాన్ని గుండ్రంగా తిప్పితే తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది... ఆటలాడని అమ్మకి కూడా!