ఖైదులో ఉన్న స్త్రీకి మనం ఏం చేయగలం?

ఖుర్ఆన్‌లోని దహ్ర్ సూరా నిరుపేదకు, అనాథకు, ఖైదీకి అన్నం పెట్టేవారిని మెచ్చుకుంటుంది. మొదటి ఇద్దరినీ మన దాతలు ఏనాడూ మరువలేదు. మూడోవారే మన లెక్కలోకి రావడం లేదు. అందులోనూ ఖైదులో ఉన్నది ఆడమనిషైతే ఆమె పేరు సొంత ఇంట్లోనే ఎత్తరు. ఆమెకున్న హక్కులేమిటో దాతలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

2010 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మహిళా ఖైదీల కోసం 70 నియమాలను ఆమోదించింది. వీటిని బ్యాంకాక్ నియమాలు అంటారు. జైలులో చేరేముందు పిల్లల్ని ఎవరికైనా అప్పగించుకునే వ్యవధి తల్లికివ్వాలి. వీలైనంతవరకు ఇంటికి దగ్గరి జైలులోనే ఉంచాలి. ఒంటి సోదా మహిళా సిబ్బందే చేయాలి. నెలసరి ప్యాడ్లు ఉచితంగా ఇవ్వాలి. ప్రసవ సమయంలో సంకెళ్లు వేయరాదు. తల్లితో ఉన్న బిడ్డను ఖైదీగా చూడరాదు.

మన దేశంలో ఇంతకుముందే, 2006 ఏప్రిల్‌లో, ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. ఆరేళ్లు వచ్చేవరకు బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చు. ఆ బిడ్డకు తిండి, వైద్యం, చదువు అందాలి. పుట్టిన చోటు జైలని జనన ధ్రువపత్రంలో రాయరాదు.

కాగితం మీది హక్కు మనిషికి అందడానికి మరొకరి సాయం కావాలి. హైదరాబాదు చంచల్‌గూడలో మహిళల జైలు ఉంది. బొంరాస్‌పేట నుంచి అక్కడికి ములాఖత్‌కు వెళ్లాలంటే బస్సు ఛార్జీతోపాటు ఒక రోజు కూలీ పోతుంది. అమ్మను చూడాల్సిన పిల్లలు ఇంట్లోనే ఉండిపోతారు.

మన జైళ్లలో ఉన్నవారిలో ఎక్కువమంది నేరం ఇంకా రుజువుకాని విచారణ ఖైదీలే. కోర్టు బెయిలిచ్చినా జమానత్ ఇచ్చేవారు లేక లోపలే ఉండిపోయేవారున్నారు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ఏ స్త్రీకైనా ఉచితంగా వకీలును ఇస్తారు. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకం కింద బెయిలుకు డబ్బు సాయం అందుతుంది. దరఖాస్తు చేయించే మనిషి లేకపోతే ఇవేవీ ఆమెదాకా రావు.

కాబట్టి దాతలను మేము మూడు కోరుతున్నాము. పిల్లల్ని ములాఖత్‌కు తీసుకెళ్లే ఖర్చు భరించండి. తల్లి తిరిగి వచ్చేదాకా వారి బడి ఆగకుండా చూడండి. మీ ఎరుకలో ఇలాంటి కుటుంబం ఉంటే వారిని వికారాబాద్‌లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెంటబెట్టుకుని వెళ్లండి. ఆమె చేసిన తప్పేమిటో కోర్టు తేలుస్తుంది. ఆమె బిడ్డల ఆకలి మాత్రం మనం చూడవలసినదే.