మాత్రకు ముందు కొలత: గుండె మందులకు నొప్పి మాత్ర తోడైతే ఏమవుతుంది?

గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరిన వ్యక్తికి ఉదయం మాత్రలు ఇచ్చే ముందు నర్సు నాడి చూస్తారు, రక్తపోటు కొలుస్తారు, బరువు తూస్తారు, ముందు రోజు మూత్రం ఎంత వచ్చిందో నమోదు చేస్తారు. చూసేవారికి ఇది రోజువారీ లాంఛనంగా తోచవచ్చు. కానీ ఆ పూట మాత్ర ఇవ్వవచ్చా, ఆపి వైద్యుడికి చెప్పాలా అన్నది తేల్చేవి ఆ అంకెలే. రోగి ఇంటికి వెళ్లాక మాత్రలు కొనసాగుతాయి, కొలతలు మాత్రం చాలాసార్లు ఆగిపోతాయి.

ఒక్కో మందుకు ఒక్కో కొలత

సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అనే ఐదు సూత్రాలు నర్సింగ్ విద్యలో తొలి పాఠాలు. గుండె మందులకు వీటితో పాటు కొలత కూడా తప్పనిసరి.

డిజాక్సిన్ ఇందుకు పాత ఉదాహరణ. ఫాక్స్‌గ్లవ్ మొక్క ఆకులు ఒంటి నీరు తగ్గించే తీరుపై ఇంగ్లండ్ వైద్యుడు విలియం వితరింగ్ 1785లో గ్రంథం ప్రచురించారు. ఆ జాతి మొక్కల నుంచే డిజాక్సిన్ వచ్చింది. మేలు చేసే మోతాదుకూ, విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం స్వల్పం. అందుకే గుండె చప్పుడును స్టెతస్కోపుతో నిండు నిమిషం లెక్కిస్తారు. పెద్దల్లో అది 60 కంటే తక్కువగా ఉంటే మాత్ర ఆపి వైద్యుడికి తెలపడం సాధారణ నియమం. ఆకలి మందగించడం, వికారం, చూపు పసుపు రంగుగా మారడం విషప్రభావ సంకేతాలు.

మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్లకూ నాడి, రక్తపోటే ప్రమాణం. వీటిని హఠాత్తుగా మానడం ఛాతీ నొప్పికి, గుండెపోటుకు దారితీయవచ్చు.

ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్‌కు బరువు ముఖ్యం. ఒక లీటరు నీరు పోతే సుమారు కిలో బరువు తగ్గుతుంది. నీటితో పాటు పొటాషియం కూడా పోతుంది. రక్తంలో అది సాధారణంగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ ఉండాలి. అంతకంటే తగ్గితే డిజాక్సిన్ విషప్రభావం పెరుగుతుంది. ఎనలప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ దీనికి భిన్నంగా పొటాషియంను పెంచగలవు.

నొప్పి మాత్ర చేరితే

మూత్రపిండంలోని ప్రతి వడపోత గుచ్ఛంలోకి రక్తాన్ని తెచ్చే సన్న నాళం ఒకటి, బయటకు తీసుకెళ్లే నాళం మరొకటి ఉంటాయి. లోపలి పీడనం సరిగా ఉంటేనే వడపోత సాగుతుంది. నీరు తీసే మాత్ర ఒంట్లోని ద్రవాన్ని తగ్గిస్తుంది. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి బయటకు పోయే నాళాన్ని వెడల్పు చేస్తాయి. ఈ స్థితిలో లోపలికి వచ్చే నాళాన్ని తెరిచి ఉంచే బాధ్యత ప్రోస్టాగ్లాండిన్లపై పడుతుంది.

డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ అడ్డుకునేది సరిగ్గా ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే. ఆస్పిరిన్ తరహా మందుల పనితీరు ఇదేనని 1971లో వెల్లడించిన జాన్ వేన్ 1982లో నోబెల్ పురస్కారం పంచుకున్నారు. నొప్పి తగ్గుతుంది. కానీ వచ్చే దారి సన్నబడి, పోయే దారి వెడల్పై, పీడనం పడిపోతుంది. మూత్రపిండాలు ఉన్నట్టుండి దెబ్బతినే ప్రమాదం ఏర్పడుతుంది. ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి రక్తపోటు పెరగవచ్చు, గుండె వైఫల్యం తీవ్రం కావచ్చు. ఎండాకాలం, వాంతులు, విరేచనాల వేళ, వృద్ధాప్యంలో ఈ ముప్పు మరింత ఎక్కువ.

ఇంట్లో ఏం చేయాలి?

మోకాలి నొప్పికో, నడుము నొప్పికో మాత్ర కొనే ముందు రోజూ వాడే మందుల చీటీని వైద్యుడికి గానీ, ఫార్మసిస్టుకు గానీ చూపాలి. ఇలాంటి రోగులకు తగిన మోతాదులో పారాసిటమాల్‌ను వైద్యులు సాధారణంగా ముందు పరిశీలిస్తారు. గుండె రక్షణకు వైద్యుడు రాసిన తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపకూడదు. ఐబూప్రొఫెన్ దాని పనికి కూడా అడ్డు తగలగలదు.

రోజూ ఉదయం ఒకే వేళకు బరువు, నాడి, రక్తపోటు ఒక పుస్తకంలో రాసుకోవడం మేలు. బరువు వేగంగా పెరిగినా, కాళ్ల వాపు వచ్చినా, మూత్రం తగ్గినా, నిలబడగానే కళ్లు తిరిగినా ఆ పుస్తకంతో వెంటనే వైద్యుడిని సంప్రదించాలి. ఆసుపత్రి మంచం పక్కన నర్సు చేసిన లెక్కను ఇంట్లో కొనసాగించే మార్గం ఇదే.