ఆయుధం లేని కథానాయకుడు

వీడియో గేమ్ అనగానే మనలో చాలామందికి తుపాకుల మోతే గుర్తొస్తుంది. నాకూ అంతే. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నా పాత విద్యార్థి గదిలో ఒక రాత్రి గడిపాక ఆ అభిప్రాయం సడలింది. షిఫ్టు ముగించుకొచ్చి, మెడలోని గుర్తింపు కార్డు కూడా తీయకుండా అతను ‘ఇన్‌సైడ్’ అనే ఆట పెట్టాడు.

డెన్మార్క్‌కు చెందిన ప్లేడెడ్ సంస్థ 2016లో విడుదల చేసిన ఆట ఇది. ఇందులో ఒక్క సంభాషణ లేదు. ఎర్ర చొక్కా పిల్లవాడు చీకటి అడవిలో పరుగెడుతుంటాడు. వెనుక టార్చిలైట్లు, కుక్కలు. ఎందుకు తరుముతున్నారో ఎవరూ చెప్పరు. వాడి చేతిలో కర్ర కూడా లేదు. నక్కాలి, పెట్టెలు జరిపి దారి చేసుకోవాలి. ఇదే సంస్థ 2010లో తెచ్చిన ‘లింబో’ పూర్తిగా నలుపు తెలుపుల్లో నడుస్తుంది. స్వీడన్‌లో తయారై 2017లో వచ్చిన ‘లిటిల్ నైట్‌మేర్స్’లో చూపులేని కాపలాదారు పొడవాటి చేతులు చాపి వెతుకుతుంటే, పసుపు రెయిన్‌కోటు పిల్ల అడుగు చప్పుడు కాకుండా దాటాలి.

ఇందులో ఆకర్షణ ఏమిటి? భయం అన్నాడు మావాడు. నాకది సగమే అనిపించింది. బలవంతుడు ఎటు తిరుగుతాడు, ఎంతసేపు ఆగుతాడు, ఏ చప్పుడు వింటాడు అన్నవి బలహీనుడు కంఠతా పట్టాలి. దొరల గడీల ముందు నడిచినవాళ్లకు తెలిసిన విద్య ఇది. (ఆటలో చచ్చినా అక్కడే మళ్లీ లేస్తారు. గడీ ముందు ఆ సదుపాయం లేదు.) తుపాకీ ఆటలో గురి కుదిరితే చాలు. ఇక్కడ పరిసరాన్ని చదవకపోతే అడుగు పడదు.

ఒక దృశ్యం నన్ను వదల్లేదు. మనసును ఎవరో లాగేసుకున్నట్టున్న మనుషులు వరుసలో నడుస్తుంటారు. పిల్లవాడు వాళ్ల మధ్య దూరతాడు. వాళ్లు ఆగితే ఆగాలి, తిరిగితే తిరగాలి, ఎగిరితే ఎగరాలి. యంత్రం పైనుంచి పరిశీలిస్తుంటుంది. తాళం తప్పితే పట్టుబడతాడు. మావాడు ఒక్కసారీ తప్పలేదు. “రోజూ చేసేదే కద సార్” అని నవ్వాడు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక పెరిగిన ఈ ప్రాంతంలో, ఉదయం రాయదుర్గం మెట్రో దిగి వెళితే, కార్డు తాకించి గేటు దాటే వరుసలు మీకూ కనిపిస్తాయి.

మన సాహిత్యంలో భయం అనగానే నాకు రావిశాస్త్రి ‘అల్పజీవి’ గుర్తొస్తుంది. అక్కడ సుబ్బయ్య భయం చైతన్య స్రవంతిగా, మాటల్లో ప్రవహిస్తుంది. ఇక్కడ మాట పూర్తిగా తప్పుకుంది. వాన, పాడుబడ్డ ఫ్యాక్టరీ, లయగా వచ్చి పడే పేలుడు గాలి కథ చెబుతాయి. మనమేమో మొదటి పేరాలో వాన కురిపించి రెండో పేరాలో మరిచిపోతాం.

నా అభ్యంతరం వేరే ఉంది. పైనుంచి వేలాడే తొడుగులో పిల్లవాడు తల పెట్టగానే ఆ మనుషులు వాడు ఆడించినట్టల్లా ఆడతారు. పారిపోయేవాడికి సాటి బందీలు పనిముట్లయ్యారు! వాళ్లను మేల్కొలిపే చిక్కుముడి ఆటలో ఎక్కడా లేదు. ఈ మాటే అంటే మావాడు ఒప్పుకోలేదు. దాచిపెట్టిన రెండో ముగింపు చూపించాడు. పిల్లవాడు నేలమాళిగలో ఒక ప్లగ్ పీకేస్తాడు. మరుక్షణం ఆ మనుషుల్లాగే తానూ తల వాల్చేస్తాడు. అంటే ఇంతసేపూ వాడిని ఆడించింది మీటలు నొక్కుతున్న మనమే.

అక్కడ నా అభ్యంతరాన్ని సగం వెనక్కి తీసుకున్నాను. వరుసలో మిగిలిపోయినవాళ్ల సంగతి మాత్రం, మర్నాటి షిఫ్టు గుర్తొచ్చి అతను దీపం ఆర్పేదాకా వాదించుకుంటూనే ఉన్నాం.