పాత్రధారణ క్రీడలలో అసాధారణ పాత్రల అనుమతి

పాత్రధారణ క్రీడ అనగా కొందరు మిత్రులు ఒక బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రను ధరించి, మాటలతోను పాచికలతోను ఒక కథను నడిపించే ఆట. కథాలోకాన్ని వర్ణించి, శత్రువులను తానే నడిపి, నియమాలను అమలుపరచే వ్యక్తిని డంజియన్ మాస్టర్ అంటారు. ఇతడు మన నాటకాలలోని సూత్రధారి వంటివాడు. ఆటగాడెవరైనా సామాన్య మానవుని పాత్ర కాక పక్షిమనిషినో, రాక్షసునో కోరినపుడు అనుమతించవలెనా, వద్దా అనునది సూత్రధారి తేల్చవలసిన ప్రశ్న.

చరిత్ర

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను అమెరికాలోని టి.ఎస్.ఆర్. సంస్థ 1974లో ప్రచురించినది. బలహీన స్థితి నుండి మొదలై క్రమంగా ఎదిగే పక్షంలో డ్రాగన్ పాత్రనైనా ధరించవచ్చునని అందులో ఉన్నది. అంతకు ముందే ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ ఆటలో సర్ ఫ్యాంగ్ అనే రక్తపిశాచి పాత్ర మితిమీరిన బలం సంపాదించినది. దానిని ఎదుర్కొనుటకు పుట్టిన పాత్రయే తరువాత క్లెరిక్ అను పూజారి వర్గానికి మూలమని చెబుతారు.

1979 నాటి డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో గైగాక్స్ ఇట్టి పాత్రలను నిరుత్సాహపరచినాడు. 2003లో వెలువడిన శావేజ్ స్పీసీస్ అనే పుస్తకం వింతజీవుల అదనపు బలాన్ని స్థాయిలలో లెక్కగట్టి, వాటిని పాత్రలుగా ధరించుటకు నియమాలు కూర్చినది. 2014 కూర్పు టీఫ్లింగ్ వంటి జాతులను అరుదైనవిగా వేరుచేసి చూపగా, 2024 కూర్పులో టీఫ్లింగ్, ఆర్క్ సహా 10 జాతులు మూలగ్రంథంలోనే ఉన్నవి. కావున "అసాధారణం" అనునది కాలాన్ని బట్టి మారునని గ్రహించవచ్చును.

పరిశీలించవలసిన అంశాలు

బలం: ఆరకోక్రా అనే పక్షిజాతి పాత్ర మొదటి స్థాయి నుండే ఎగురగలదు. అగాధం, నది, కోటగోడ వంటి ఆటంకాలు దానికి ఆటంకాలే కావు. మిగిలినవారు త్రాడు కోసం వెతుకుచుండగా ఒక్కడు దాటిపోవును.

కథాలోకం: రాక్షసులను చూడగానే ద్వారాలు మూసే నగరంలో రాక్షసపాత్ర ఉన్నచో, ప్రతి సన్నివేశం దాని చుట్టూనే తిరుగును.

తోటి ఆటగాళ్ళు: అన్నిటికన్న ముఖ్యమైన అంశం ఇదియే. బలం సమానమే అయినను, ఒకరి పాత్ర అందరి సమయాన్ని మ్రింగివేసినచో మిగిలినవారు ప్రేక్షకులుగా మిగులుదురు.

నిర్ణయ విధానం

ముందుగా ఆ పాత్ర ఎందుకు కావలెనని ఆటగాని అడుగవలెను. అతనికి కావలసినది రూపమే అయినచో, నియమాలలో మానవునిగానే ఉంచి వర్ణనలో మాత్రం వేరుగా చూపవచ్చును. కోరినది శక్తి అయినచో, దానిని పై స్థాయిలలో క్రమంగా ఇవ్వవచ్చును. వెలివేయబడినవాని కథ కావలెనన్నచో, అందుకు మిగిలినవారి సమ్మతి అవసరం.

ఈ నిర్ణయం ఆట మొదలుకాక ముందే జరుగుట మేలు. నెలల తరబడి పెంచుకున్న పాత్రను మధ్యలో తీసివేయుట ఆటగాని నొప్పించును. స్నేహాలు కూడా దెబ్బతినవచ్చును. సందేహమున్నచో రెండు మూడు కూర్చుండ్ల వరకు పరీక్షగా అనుమతించి, పిదప పునఃపరిశీలింతుమని ముందే చెప్పవచ్చును. నిరాకరించునపుడు కారణం తెలుపవలెను. కారణం లేని నిరాకరణ ఆటగాని ఉత్సాహాన్ని చంపును. ఆలోచన లేని అనుమతి మిగిలినవారి ఉత్సాహాన్ని చంపును.