నల్లరేగడి దారిలో డీజిల్ వ్యాగన్: అపోహలు – వాస్తవాలు

మదురై దాటి దక్షిణానికి సాగే 44వ నంబరు జాతీయ రహదారి విరుదునగర్, సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి చేరుతుంది. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి సుమారు 50 కిలోమీటర్లు. అటూ ఇటూ నల్లరేగడి చేలు, పత్తి, మినుము, జొన్న. శతాబ్దాల కిందట తెలుగు నేల నుంచి తరలివెళ్లిన కుటుంబాలు ఈ ఊళ్లలో స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో గొప్ప కథలు రాసిన కి. రాజనారాయణన్ ఊరు ఇడైసేవల్ కూడా కోవిల్‌పట్టి పక్కనే ఉంది.

ఈ దారికి ఏ కారు మంచిదని అడిగితే ఇవాళ ఎవరైనా ఎత్తైన ఎస్‌యూవీ పేరే చెబుతారు. నా జవాబు వేరు. పొడుగ్గా, నేలకు దగ్గరగా ఉండే డీజిల్ స్టేషన్ వ్యాగన్ ఈ దారికి అంతకన్నా బాగా అమరుతుంది. ఖరీదైన తరగతిలో మన దేశానికి వచ్చిన ఇలాంటి బండ్లలో చెప్పుకోదగ్గవి రెండు: 2017లో వచ్చిన వోల్వో వి90 క్రాస్ కంట్రీ డి5, 2018లో వచ్చిన మెర్సిడెస్ ఈ220డి ఆల్ టెర్రెయిన్. ఇప్పుడివి సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవలసిందే. కొనేవాళ్లు వెనకాడటానికి కారణం ధర ఒక్కటే కాదు, చుట్టుపక్కల వినిపించే మాటలు కూడా. ఆ మాటల్లో ఎంత నిజముందో చూద్దాం.

అపోహ: వ్యాగన్ అంటే సరుకుల బండి, లేదంటే అంబులెన్స్.

వెనక భాగం పైకప్పుతో సమానంగా సాగి ఉండటం వల్ల వచ్చిన మాట ఇది. 1992లో టాటా ఎస్టేట్ వచ్చినప్పుడూ జనం ఇలాగే అన్నారు. నిజానికి వి90, దాని సెడాన్ రూపమైన ఎస్90 ఒకే చట్రం మీద తయారైనవి. ఈ220డి చెందిన మెర్సిడెస్ ఈ-క్లాస్ సంగతీ అంతే. ముందు సీట్లో కూర్చున్నవాళ్లకు తేడా తెలియదు. తేడా అంతా డిక్కీలోనే: వోల్వోలో 560 లీటర్లు, మెర్సిడెస్‌లో 640 లీటర్లు. సెడాన్ డిక్కీలో నిలువుగా పట్టని పెట్టెలు ఇందులో పడతాయి. కోవిల్‌పట్టి వచ్చినవాళ్లు 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఇక్కడి పల్లీపట్టీ డబ్బాలు కొనకుండా వెళ్లరు కదా, వాటికి చోటు వెతుక్కోనక్కర్లేదు.

అపోహ: డీజిల్ అంటే లారీ ఇంజన్, ఆ మోత తప్పదు.

పాత డీజిల్ ఇంజన్‌లో పంపు ఇంధనాన్ని ఒక్క విడతలో చిమ్మేది. అది అంటుకునే లోపు సిలిండర్‌లో పోగుపడి, ఒక్కసారిగా భగ్గుమనేది. మనం విన్న ఆ టకటక అదే. 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి వచ్చిన కామన్ రెయిల్ పద్ధతి ఈ కథను మార్చేసింది. ఇందులో ఇంధనం ఎప్పుడూ గొప్ప పీడనంలో సిద్ధంగా ఉంటుంది. ఈ-క్లాస్ ఇంజన్‌లో అది 2050 బార్ దాకా, వోల్వోలో 2500 బార్ దాకా వెళ్తుంది. ఒక్కో దహనానికి ఇంధనాన్ని చిన్న చిన్న విడతలుగా పంపుతారు. మొదటి చుక్క ముందుగా వెళ్లి వేడి పుట్టిస్తుంది, అసలు మోతాదు ఆ తర్వాత మెత్తగా మండుతుంది. వోల్వో ఒక అడుగు ముందుకేసి ప్రతి ఇంజెక్టర్‌లోనూ పీడనాన్ని కొలిచే సెన్సర్ పెట్టింది.

బరువు మాట కూడా పాతబడింది. ఓఎం654 పేరుతో వచ్చిన మెర్సిడెస్ ఇంజన్‌లో బ్లాకు అల్యూమినియం, పిస్టన్లు ఉక్కు. దీనికి ముందున్న ఇంజన్ కన్నా ఇది దాదాపు 35 కిలోలు తేలిక. ఉక్కు పిస్టన్ బరువెక్కిస్తుందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఉక్కు గట్టిది కనుక పిస్టన్‌ను పొట్టిగా చేయొచ్చు. పైగా వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఇంజన్ వేడెక్కాక సిలిండర్‌కూ పిస్టన్‌కూ మధ్య సందు పెరిగి రాపిడి తగ్గుతుంది. నాకు ఈ ఇంజన్‌లో అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇదే.

అపోహ: డీజిల్‌కు పికప్ ఉండదు, తొక్కిన తర్వాత ఆలోచించుకుని కదులుతుంది.

దీనికి లెక్కలతోనే జవాబు చెప్పాలి. వి90 డి5 గరిష్ఠ శక్తి 4000 ఆర్‌పీఎం దగ్గర 235 హార్స్‌పవర్. షోరూమ్‌లో ఆ అంకె చూపిస్తారు గానీ రోడ్డు మీద పనికొచ్చేది మరొకటి: 1750 ఆర్‌పీఎంకే 480 న్యూటన్ మీటర్ల టార్క్. టార్క్‌ను ఇంజన్ వేగంతో గుణించి శక్తి కడితే 1750 దగ్గరే సుమారు 118 హార్స్‌పవర్ చేతికొస్తుంది. టర్బో లేని చిన్న పెట్రోల్ ఇంజన్ అంత శక్తి ఇవ్వాలంటే ఆరు వేల దగ్గర అరవాలి. సాత్తూరు దాటాక ముందు అగ్గిపెట్టెల లోడు లారీ వెళ్తోందనుకోండి. పెట్రోల్ బండిలో రెండు గేర్లు దించాలి. ఇందులో కాలు కాస్త అదిమితే చాలు, ఇంజన్ గొంతు పెంచకుండానే బండి ముందుకు జరుగుతుంది. దూర ప్రయాణంలో అలసట తగ్గేది ఇక్కడే.

నిలిచిన చోటు నుంచి కదిలేటప్పటి ఆలస్యం మాత్రం కల్పన కాదు. టర్బోను తిప్పేది ఇంజన్ నుంచి వెలువడే వాయువు. వేగం తక్కువున్నప్పుడు ఆ వాయువు చాలదు. దీనికి వోల్వో వేసిన ఉపాయం పవర్‌పల్స్. చిన్న కంప్రెసర్ ఒకటి రెండు లీటర్ల ట్యాంకులో గాలి నింపి ఉంచుతుంది. కాలు గట్టిగా నొక్కగానే ఆ గాలి టర్బోకు ముందున్న ఎగ్జాస్ట్ గొట్టంలోకి దూసుకెళ్లి టర్బోను తిప్పేస్తుంది. సందులోంచి హైవే మీదికి ఎక్కేటప్పుడు ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది.

అపోహ: ఎత్తుగా, బరువుగా ఉన్న బండే హైవే మీద నిలకడగా ఉంటుంది.

నేను గట్టిగా వ్యతిరేకించే మాట ఇది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి కనుమల్లోని చెంకోట కనుమ గుండా నైరుతి గాలులు ఈ మైదానం మీదికి వచ్చి పడతాయి. కోవిల్‌పట్టికి దక్షిణాన, పాలెగాడు కట్టబొమ్మన్‌ను 1799లో ఉరితీసిన కయత్తారు చుట్టూ గాలిమరలు బారులు తీరి ఉండటానికి కారణం ఆ గాలే. జాతీయ పవన శక్తి సంస్థ తన గాలిమరల పరీక్షా కేంద్రాన్ని కూడా అక్కడే పెట్టింది. దారి ఉత్తర దక్షిణాలుగా ఉంది, గాలి పడమర నుంచి వస్తుంది. అంటే అడ్డగాలి నేరుగా బండి పక్కన కొడుతుంది.

అడ్డగాలి బండిని రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది: పక్కకు వాలుస్తుంది, మూతిని తిప్పేస్తుంది. వాలడమన్నది ఎత్తును బట్టి ఉంటుంది. ఒకే వేదిక మీద తయారైన వోల్వో బండ్లనే పోల్చితే ఎక్స్‌సీ90 ఎస్‌యూవీ ఎత్తు దాదాపు 1.78 మీటర్లు, వి90 క్రాస్ కంట్రీ ఎత్తు 1.54 మీటర్లు. ఇక రెండోదానిలో వ్యాగన్‌కు సెడాన్ కన్నా మేలు ఉంది. గాలి బలం పనిచేసే బిందువు బండి బరువు కేంద్రానికి ముందు ఉంటే మూతి తిరుగుతుంది. వ్యాగన్ వెనక భాగం నిండుగా ఉండటం వల్ల ఆ బిందువు వెనక్కి జరుగుతుంది. మొత్తం మీద పక్కకు తోసే బలం సెడాన్ కన్నా కాస్త ఎక్కువే, కానీ మూతి తిరగడం తక్కువ. డ్రైవర్‌ను ఉలిక్కిపడేలా చేసేది ఆ మూతి తిరగడమే.

నల్లరేగడి సంగతి కూడా ఉంది. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే మట్టి ఇది. దాని మీద వేసిన పల్లె రోడ్లు కాలక్రమంలో అలల్లా లేస్తాయి. ఈ అలల మీద పొట్టి, ఎత్తైన బండి ముందుకూ వెనక్కీ ఊగుతుంది. ముందు వెనక చక్రాల మధ్య 2.94 మీటర్ల దూరమున్న బండి అంత ఊగదు. బరువు కింద ఉన్నందువల్ల స్ప్రింగులను మెత్తగా ఉంచినా మలుపులో ఒరగదు. ఈ-క్లాస్ ఆల్ టెర్రెయిన్‌కు నాలుగు చక్రాల దగ్గరా గాలి సస్పెన్షన్ ఉంది. డిక్కీ నిండా సామాను వేసినా బండి వెనక కుంగదు.

అపోహ: ఇంత పొడుగు బండి మన స్పీడ్ బ్రేకర్లకు తగులుతుంది.

సగం నిజం. పొడుగున్న కొద్దీ పొట్ట తగిలే అవకాశం పెరుగుతుంది. కానీ చూడవలసింది పొడుగు ఒక్కటే కాదు, చక్రాల మధ్య దూరంలో సగానికీ నేల నుంచి ఉన్న ఎత్తుకూ గల నిష్పత్తి. వి90 క్రాస్ కంట్రీలో నేల ఎత్తు 210 మిల్లీమీటర్లు, చక్రాల మధ్య దూరంలో సగం దాదాపు 1470. ఈ నిష్పత్తి మనం రోజూ చూసే చాలా చిన్న కార్లకు తీసిపోదు. మెర్సిడెస్ ఎత్తు అంతకన్నా తక్కువ. వేగం తక్కువున్నప్పుడు మీట నొక్కి పైకి లేపుకోవచ్చు గానీ, పల్లెదారులే ఎక్కువ తిరిగేవాళ్లకు నేను వోల్వోనే చెబుతాను.

అపోహ: పొగ ఫిల్టర్ తీసేస్తే బండి బాగుపడుతుంది, యూరియా నీళ్లు ఇంట్లోనే కలుపుకోవచ్చు.

ఈ రెండూ ప్రమాదకరమైన సలహాలు. డీజిల్ మసిని పట్టే ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకోవాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టి, కొంతసేపు నిలవాలి. ఊళ్లో బజారుకీ బడికీ మాత్రమే తిప్పితే ఆ వేడి ఎప్పటికీ రాదు. ఫిల్టర్ నిండుతుంది, లైటు వెలుగుతుంది, ఎవరో తీసేయమంటారు. తీసేయడం చట్టవిరుద్ధం. పైగా ఆ మసి రోడ్డు పక్కన నడిచే పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కావలసింది ఆగకుండా ఒకే వేగంతో సాగే ప్రయాణం. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా ఒక్కసారి వెళ్తే ఫిల్టర్ పని సాధారణంగా పూర్తవుతుంది. ఇంజన్ ఆయిల్ కూడా బూడిద తక్కువ మిగిల్చే రకమే పోయాలి. మామూలు ఆయిల్ బూడిద ఏ వేడికీ కాలిపోదు, ఫిల్టర్‌లో అలాగే ఉండిపోతుంది.

ఇక యూరియా. మెర్సిడెస్‌లో దానికి వేరే ట్యాంకు ఉంది. అందులో పోసేది 32.5 శాతం శుద్ధ యూరియా కలిసిన ఖనిజరహిత జలం. ఎగ్జాస్ట్ వేడికి అది అమోనియాగా మారి, నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్, నీటి ఆవిరిగా మారుస్తుంది. ఇది ఇంధనం కాదు, డీజిల్ ట్యాంకులో పోయకూడదు. చేలకు వాడే యూరియా ఇంట్లో ఉంది కదా అని నీళ్లలో కలపడం ఇంకా పెద్ద తప్పు. 2015 నుంచి మన దేశంలో వ్యవసాయ యూరియాకు వేప పూత తప్పనిసరి. పొలానికి అది మేలు, కానీ ఆ నూనే అందులోని ఇతర మలినాలూ ఇంజెక్టర్‌ను మూసి, కెటలిస్ట్‌ను పాడుచేస్తాయి. ఆ మరమ్మతు ఖర్చు ముందు మిగిలిన డబ్బు లెక్కలోకి రాదు.

అపోహ: పొద్దున్నే పది నిమిషాలు ఇంజన్ ఊరికే తిప్పి ఉంచాలి.

విరుదునగర్ వేడిలో అక్కర్లేదు. ఆధునిక డీజిల్ నిలబెట్టి ఉంచితే వేడెక్కనే వేడెక్కదు, మసి మాత్రం పెరుగుతుంది. స్టార్ట్ చేసి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే సరి.

అపోహ: పదేళ్లు దాటితే డీజిల్ బండి తుక్కే.

ఆ పదేళ్ల నిబంధన ఢిల్లీ రాజధాని ప్రాంతానికి సంబంధించింది. తమిళనాడులో 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ ముగిశాక ఫిట్‌నెస్ పరీక్షతో పొడిగించుకునే వీలుంది. అయితే డీజిల్ అంటే ఎప్పుడూ ఆదాయే అన్న నమ్మకాన్ని కూడా వదులుకోవాలి. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేశాక పెట్రోల్‌తో ఉన్న పెద్ద అంతరం కరిగిపోయింది. ఏడాదికి కొద్ది వేల కిలోమీటర్లే తిరిగేవాళ్లకు ఈ బండి ఖర్చు గిట్టదు. తరచూ తిరునెల్వేలి, మదురై, ఇంకా పైకి హైదరాబాదు దాకా వెళ్లే కుటుంబానికే ఇది తగినది.

విడిభాగాల విషయంలో భయపడటం మాత్రం సబబే. వోల్వో తన చివరి డీజిల్ కారును 2024 మార్చిలో తయారుచేసి ఆ అధ్యాయాన్ని ముగించింది. విరుదునగర్‌లో గానీ కోవిల్‌పట్టిలో గానీ ఈ ఇంజన్లు విప్పి చూసే చేయి దొరకడం కష్టం. పెద్ద ఊరికి తీసుకెళ్లాలి. కనుక సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఓడోమీటర్ అంకె కన్నా సర్వీసు పుస్తకం చూడండి. ఆయిల్ ఏ రకం పోశారో, ఫిల్టర్ అసలు ఉందో లేదో అడగండి. గాలి సస్పెన్షన్ ఉన్న బండిని రాత్రంతా నిలిపి ఉంచి, తెల్లారి నాలుగు మూలలా ఎత్తు కొలవండి. ఏ మూలైనా దిగి ఉంటే అక్కడ గాలి కారుతోందని అర్థం. ఆ తర్వాత హైవే మీద ఆపకుండా అరగంట నడిపి, డాష్‌బోర్డు మీద ఫిల్టర్ లైటు వెలగలేదని చూసుకున్నాకే ధర మాట్లాడండి.