పొట్టి కారు - పొడుగు కారు

కారు కొనదలచిన ఇంట తరచుగా ఒక వాదము పుట్టును. పొట్టిగా, చురుకుగా నుండు కారు కావలెనని కుమారుడనును. ఎక్కి దిగుటకు సుఖముగా నుండు పొడుగు కారే మేలని తల్లి యనును. ఇందెవరి మాట న్యాయము? దీనిని తేల్చుటకు, జపాను దేశమున హిరోషిమా ప్రాంతమునకు చెందిన మాజ్డా సంస్థవారి రెండు కారులను మేమిచ్చట పోల్చి చూపుచున్నాము.

మొదటిది ఎం.ఎక్స్.-5. ఇది 1989లో అమెరికాలోని షికాగో ప్రదర్శనమున లోకమునకు తెలియవచ్చినది. ఇద్దరే కూర్చుండదగిన ఈ స్పోర్ట్స్ కారుకు పైకప్పు గుడ్డతో చేసినది. కావలెనన్నప్పుడు మడిచి వెనుకకు తీయవచ్చును. ఇంజను 1.6 లీటర్లది, శక్తి సుమారు 115 అశ్వశక్తులు. బరువు 1000 కిలోలకు లోపే. ఎత్తు 1 మీటరు 23 సెంటీమీటర్లు. ముందు చక్రములపైనను, వెనుక చక్రములపైనను భారము ఇంచుమించు సమానముగా పడునట్లు దీనిని నిర్మించిరి. 2016 నాటికి ఈ పేరుగల కారులు 10 లక్షలు తయారైనవి.

రెండవది 2012లో విక్రయమునకు వచ్చిన సి.ఎక్స్.-5. ఇది క్రాసోవరు జాతిది; అనగా చూచుటకు జీపువలె నున్నను, నిర్మాణమున కారే. ఐదుగురు కూర్చుండవచ్చును, సామానునకు చోటు కలదు. ఎత్తు సుమారు 1 మీటరు 70 సెంటీమీటర్లు. నేలకును అడుగు భాగమునకును నడుమ 20 సెంటీమీటర్లకు పైగా ఎడమున్నది. 2 లీటర్ల ఇంజను 155 అశ్వశక్తుల నిచ్చును గాని, బరువు 1450 కిలోలు. కావున ఒక్కొక్క అశ్వశక్తి మోయవలసినది తొమ్మిది కిలోలకు పైన. పాతదానిలో ఎనిమిదిన్నర మాత్రమే. బలము పెరిగినను చురుకుదనము పెరుగకుండుటకు కారణమిదియే.

గడ్డి ఎత్తుగా వేసిన బండి మలుపులో ఒరుగుట మనమెరిగినదే. భారము పైకి పోయిన కొలదియు ఒరుగుట హెచ్చును. పొట్టి కారు మలుపులో నేల నంటి పోవుటకును, పొడుగు కారు ప్రక్కకు వాలుటకును ఈ సూత్రమే మూలము.

అట్లని పాతదే క్షేమకరమని భ్రమపడరాదు. కారు జారబోవునప్పుడు ఏ చక్రమునకు కావలెనో దానికే బ్రేకు వేసి దారిలో నిలుపు ఎలక్ట్రానిక్ సాధనము 1989 నాటి కారులో లేదు, క్రొత్తదానిలో కలదు. ఐరోపాలో జరిపిన ఢీకొను పరీక్షలలో సి.ఎక్స్.-5కు ఐదు నక్షత్రములు లభించినవి. లోపల కూర్చున్నవారికి ఇది గొప్ప రక్ష.

వెలుపల నున్నవారి మాట వేరు. ఒకే వేగమున పోవునప్పుడు 1450 కిలోల బండిలోని గతిశక్తి 1000 కిలోల దానికంటె దాదాపు ఒకటిన్నర రెట్లు. ఎత్తయిన ముందుభాగము చాటున చిన్న బిడ్డ నిలిచియున్నచో నడుపువానికి కానరాకపోవచ్చును.

కనుక తల్లి మాటయు, కుమారుని మాటయు రెండును నిజమే. ఇంటిల్లిపాది ప్రయాణమునకు పొడుగు కారు తగును. నడుపుటలోని ఆనందమునకు పొట్టి కారు తగును. అయితే పొడుగు కారు కొన్నవారు, దానిని కదల్చుటకు ముందు ఒక్కమారు దిగి చుట్టును చూచుట నేర్వవలెను. అందుకు పట్టు కాలము అర నిమిషమునకు మించదు.