సవన్నా: నడిచి చూడవలసిన నగరం

అమెరికాలో ఇంటినే బండిపై అమర్చుకొని దేశమంతా పర్యటించేవారు ఎందరో ఉన్నారు. మంచాలు, వంటగది, స్నానాలగది అన్నీ ఉండే ఆ వాహనాన్ని వారు ‘ఆర్.వి.’ అంటారు. అది విశాలమైన రహదారిపై ఎంత సుఖమో, పాత నగరపు వీధులలో అంత భారం. జార్జియా రాష్ట్రంలోని సవన్నా నగరానికి అలా వచ్చేవారు సమీపంలోని స్కిడవే ద్వీపపు ఉద్యానవనం వంటి చోట బండిని నిలిపి, నీటిగొట్టం, విద్యుత్తు తీగ తగిలించుకొని, చిన్న వాహనంలో నగరం చేరుతారు. అక్కడినుండి కాలినడకే ఉత్తమం.

ఎందుకంటే ఆ నగరం పాదచారుల కొలతలతో పుట్టింది. 1733లో జేమ్స్ ఓగల్‌థోర్ప్ దానిని స్థాపించినప్పుడు ఒక్కొక్క పేటకు నడుమ ‘స్క్వేర్’ అనే చదరపు మైదానాన్ని విడిచిపెట్టాడు. దానికి ఉత్తర దక్షిణాలలో నలభై ఇళ్ల స్థలాలు, తూర్పు పడమరలలో ప్రజోపయోగ భవనాల స్థలాలు ఏర్పరచాడు. ఊరు పెరిగినప్పుడల్లా అదే నమూనాను పునరావృతం చేస్తూ పోగా, 1851 నాటికి స్క్వేర్లు 24 అయ్యాయి. కొద్ది నిమిషాలు నడిస్తే చాలు, మరొక నీడ ఎదురవుతుంది. ఓక్ వృక్షాల కొమ్మలనుండి జడలవలె వేలాడే బూడిదవన్నె ‘స్పానిష్ మాస్’ ఆ నీడకు ఒక గాంభీర్యాన్ని ఇస్తుంది. పేరులో మాస్ ఉన్నా అది నాచు కాదు, అనాస కుటుంబానికి చెందిన మొక్క!

అంతర్యుద్ధ కాలంలో, 1864 డిసెంబరులో, సేనాని షెర్మన్ సవన్నాను దగ్ధం చేయక, క్రిస్మస్ కానుకగా లింకన్‌కు సమర్పిస్తున్నట్లు తంతి పంపాడు. యుద్ధం విడిచిపెట్టిన నగరాన్ని మోటారు వాహనం విడిచిపెట్టలేదు. 1935లో రహదారి కోసం రెండు స్క్వేర్లు శాశ్వతంగా నశించాయి. 1954లో ఎల్లిస్ స్క్వేర్‌లోని పాత అంగడిని కూలగొట్టి అక్కడ కార్లు నిలిపే కట్టడం లేపారు. మరుసటి ఏడు, 1820 నాటి డావెన్‌పోర్ట్ గృహానికీ అదే గతి పట్టబోయింది. అప్పుడు ఏడుగురు మహిళలు ఒక పరిరక్షణ సంస్థను స్థాపించి, చందాలు పోగుచేసి, ఆ ఇంటిని కొని కాపాడారు. నగరం నేడు ఇంత అందంగా మిగలడానికి ఓగల్‌థోర్ప్ ఎంత కారణమో వారూ అంతే కారణం. తరువాత ఎల్లిస్ స్క్వేర్‌లోని ఆ కట్టడాన్ని తొలగించి, కార్లను భూగర్భానికి మళ్లించారు. 2010లో ఆ స్క్వేర్ తిరిగి ప్రజలదైంది. ఇప్పుడు మొత్తం 22 ఉన్నాయి.

అయితే అందాన్ని మాత్రమే చూసి మరలిపోతే సవన్నాను సగమే చూసినట్లు. 1735లో బానిసత్వాన్ని నిషేధించిన జార్జియా, 1751లో దానిని అనుమతించింది. 1859 మార్చిలో నగరపు గుర్రప్పందేల మైదానంలో రెండు రోజులలో 400 మందికి పైగా మనుషులను వేలంలో అమ్మారు. నదీతీరంలో నేడు దుకాణాలుగా మారిన పాత పత్తి గిడ్డంగులు వారి శ్రమపై నిలిచినవే. ఓడలకు బరువుకోసం తెచ్చిన రాళ్లు పరచిన ఆ వీధిలో 2002లో ఒక కంచు స్మారకం వెలిసింది. అందులో ఒక నల్లజాతి కుటుంబం పరస్పరం పొదివి పట్టుకొని నిలిచి ఉంటుంది. వారి పాదాలచెంత తెగిన సంకెళ్లు పడి ఉంటాయి. ఆ విగ్రహాల పక్కనున్న నదిలోనే నేటికీ సరుకుల ఓడలు రేవుకు సాగిపోతుంటాయి.